వెనక్కి వేసే కాస్ట్ గురించి పిల్లలకు ఉత్తరం

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. చేపలు పట్టే ఫ్లై రాడ్ (గాలపు కర్ర) పట్టి ఇంతకాలమైనా, కాస్ట్ చేసినప్పుడు, అంటే విసిరినప్పుడు, లైన్ (దాని దారం) చక్కగా సాగడం లేదనీ, బలం పెంచినకొద్దీ అది దగ్గరలోనే కుప్పగా పడుతోందనీ మీరు రాశారు. రోజుకు ఎంతసేపు సాధన చేయాలని కూడా అడిగారు. ఎంతసేపు అన్నదానికంటే ఏమి సాధన చేస్తున్నారన్నది ముందు తేల్చుకోవాలి. చేతికి తప్పొప్పులు తెలియవు. పదేపదే చేయించినదాన్నే అది నేర్చుకుంటుంది. వంకర కాస్ట్‌ను నెలల తరబడి చేస్తే ఆ వంకరే స్థిరపడుతుంది, తరువాత దానిని మాన్పించడం కొత్తగా నేర్పడం కంటే కష్టమవుతుంది.

మామూలు గాలంలో బరువైన ఎర లేదా సీసపు గుండు ముందు దూసుకుపోతుంది, దారం దాని వెంట పోతుంది. ఫ్లై అన్నది కొక్కేనికి ఈకలూ దారమూ చుట్టి పురుగును పోలేటట్టు కట్టిన ఎర, దానికి చెప్పుకోదగిన బరువే ఉండదు. అందుకని ఇక్కడ విసిరేది లైన్‌నే, ఫ్లై దాని వెంట పోతుంది. లైన్‌కు ఇచ్చే నంబరు కూడా దాని మొదటి 30 అడుగుల బరువును బట్టే ఉంటుంది. చాలామంది మొదలుపెట్టే ఐదో నంబరు లైన్‌లో ఆ 30 అడుగులూ కలిపి సుమారు 9 గ్రాములు తూగుతాయి. ఈ కొద్దిపాటి బరువు ఒక్కచోట లేక పొడవునా పరుచుకుని ఉంటుంది కనుక, లైన్ బిగువుగా సాగి ఉన్నప్పుడే రాడ్ దానిని లాగగలదు, లాగుతూ వంగగలదు. లైన్ వదులుగా ఉంటే, రాడ్ కదలికలో మంచి భాగమంతా ఆ వదులు తీయడానికే ఖర్చైపోతుంది.

మీ కష్టానికి మూలం ఇక్కడే ఉందని నా అనుమానం. అందరూ ముందుకు వేసే కాస్ట్ మీదే శ్రద్ధ పెడతారు, చేపలు ముందున్నాయి కాబట్టి. కానీ ముందుకు పోవలసిన లైన్ సిద్ధమయ్యేది వీపు వెనకాల, బ్యాక్ కాస్ట్‌లో. రాడ్‌ను వెనక్కి తెచ్చి ఆపిన తరువాత లైన్ పూర్తిగా విప్పుకునేదాకా వేచి ఉండాలి. తొందరపడితే కొరడా చప్పుడు వినిపిస్తుంది, ఒక్కొక్కసారి ఫ్లై తెగి ఎగిరిపోతుంది. ఆలస్యమైతే లైన్ కిందికి జారి వదులవుతుంది. ఈ విరామానికి ఒకే లెక్క లేదు. లైన్ పొడవు పెరిగితే విరామమూ పెరగాలి, తగ్గితే తగ్గాలి. మనసులో అంకెలు లెక్కపెట్టుకోమని చెప్పేవారున్నారు కానీ, నాకు ఆ పద్ధతి నచ్చదు. సంకోచం లేకుండా తల తిప్పి వెనక్కి చూడండి. రాడ్ పట్టిన చేతివైపు పాదాన్ని కొంచెం వెనక్కి పెట్టి నిలబడితే మెడ నొప్పి లేకుండా చూడవచ్చు.

చూసేటప్పుడు గమనించవలసినది లూప్ ఆకారం, అంటే గాలిలో విప్పుకుంటూ పోయే లైన్‌లో ఏర్పడే వంపు. రాడ్ కొన సరళరేఖలో ప్రయాణించి ఠక్కున ఆగితే, పై లైనూ కింది లైనూ దగ్గరగా ఉన్న ఇరుకైన లూప్ వస్తుంది, అది గాలిని చీల్చుకుని పోతుంది. మణికట్టు బాగా వంగి రాడ్ కొన విల్లులాగా పైకి లేచి దిగితే వెడల్పాటి లూప్ వస్తుంది, దాని బలమంతా గాలిలోనే చచ్చిపోతుంది. తడి తువ్వాలును విదిలించినప్పుడు చేయి ఎక్కడ ఆగుతుందో అక్కడే నీళ్లు చిమ్ముతాయి కదా, లైన్ కూడా రాడ్ ఆగిన క్షణంలోనే లూప్‌గా మారి బయలుదేరుతుంది. కాబట్టి నెమ్మదిగా మొదలుపెట్టి, వేగాన్ని క్రమంగా పెంచి, చివరలో ఆపాలి. ఈ ఆపడమే చాలామందికి రాదు. ముందుకైతే ఆపుతారు, వెనక్కి వెళ్లేటప్పుడు రాడ్‌ను నేలదాకా వాలనిస్తారు.

ఇంకొక తప్పును వేరుగా చెప్పాలి, దానితో విసిగి ఈ విద్యనే మానేసినవారిని నేను చూశాను. లూప్‌లో పై భాగం కిందికి దిగి కింది లైన్‌ను దాటుతుంది, లీడర్‌లో, అంటే లైన్ కొసకూ ఫ్లైకీ మధ్య కట్టే సన్నని దారంలో, చిన్న చిన్న ముడులు పడతాయి. గాలి వల్ల పడ్డాయని అందరూ సర్దిచెప్పుకుంటారు, నిజానికి చాలామటుకు చేతివల్లే పడతాయి. రాడ్ ప్రయాణం మధ్యలో బలాన్ని ఒక్కసారిగా పెంచేస్తే రాడ్ ఎక్కువగా వంగి, దాని కొన సరళరేఖ నుంచి కిందికి దిగుతుంది, దాని వెంటే లైనూ దిగుతుంది. లైన్ పొడవు పెంచి చేతి కదలికను మాత్రం పాత కొలతలోనే ఉంచినా ఇదే జరుగుతుంది. మూడో కారణం కంటికి సులభంగా చిక్కదు: విరామంలో లైన్ ఇంకా విప్పుకుంటుండగానే చేయి తనకు తెలియకుండా కొంచెం ముందుకు జరుగుతుంది, ఆ మేరకు అసలు కాస్ట్‌కు దక్కవలసిన దూరం తగ్గిపోతుంది, ఆ లోటును పూడ్చడానికి చేయి బలం పెంచుతుంది. కారణం తెలియకుండా సాధన చేసేవాడు ఇంకా బలం పెడతాడు, ఇంకా ముడులు పడతాయి.

గురువు అవసరమని నేను పట్టుబట్టేది అందుకే. మంచి గురువు ముందు మీ చేతిని కాక లైన్‌ను చూస్తాడు, లైన్ అలా పోవడానికి రాడ్ ఏమి చేసిందో ఆలోచిస్తాడు, రాడ్ అలా కదలడానికి ఒంటిలో ఏ భాగం కారణమో ఆఖరున పట్టుకుంటాడు. తరువాత సరిచేయించేది ఒక్కదానినే. ఒకే పూటలో పది తప్పులు ఎత్తిచూపేవాడికి కాస్టింగ్ బాగా వచ్చి ఉండవచ్చు, నేర్పడం మాత్రం రాదు. అమెరికాలోని ఫ్లై ఫిషర్స్ ఇంటర్నేషనల్ అనే సంస్థ కాస్టింగ్ నేర్పేవారికి పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇస్తుంది. అందులో చక్కగా కాస్ట్ చేయడం ఒక్కటే చాలదు, దానిని విడమరచి చెప్పడమూ రావాలి. అదే దేశానికి చెందిన జోన్ వుల్ఫ్ పదేళ్ల వయసులో ఈ విద్య మొదలుపెట్టి, 1951లో పోటీదారులంతా మగవారే అయిన దూరపు కాస్టింగ్ పోటీలో గెలిచారు, 1960లో 161 అడుగులు వేశారు. ఆమె పేరు ఇక్కడ ఎత్తడానికి కారణం ఆ అడుగులు కావు. కాస్ట్‌లోని ఒక్కొక్క భాగానికీ పేరు పెట్టి, రాడ్‌ను వంచడం మొదలుపెట్టే నిదానపు కదలిక వేరు, చివరి విసురు వేరు అని విడదీసి నేర్పినవారామె. పేరున్న భాగాన్ని విడిగా సాధన చేయవచ్చు, గురువు దానిని విడిగా దిద్దవచ్చు.

ఇక సాధనకు నీళ్లు అక్కరలేదు. చేపలు కనిపిస్తుంటే ఎవరికీ చేయి మీద ధ్యాస నిలవదు కనుక, నీళ్లు లేకపోవడమే మేలు. గడ్డి నేల చాలు. సిమెంటు నేల మీద మాత్రం వద్దు, లైన్ పైపూత గీసుకుపోతుంది. లీడర్ తప్పకుండా కట్టండి, దాని చివర ఫ్లైకి బదులు ఊలు ముక్క ముడివేయండి. కళ్లద్దాలూ టోపీ ఉండాలి, ఇందులో మినహాయింపు లేదు. తలమీదుగా కరెంటు తీగలు పోయే చోట రాడ్ ఎత్తవద్దు, కార్బన్ రాడ్‌లో విద్యుత్తు ప్రవహిస్తుంది. లైన్ 25, 30 అడుగులకు మించి బయట పెట్టకండి. ముందుగా రాడ్‌ను పక్కకు వాల్చి నేలకు సమాంతరంగా కాస్ట్ చేయండి, అప్పుడు రెండు వైపుల లూపులూ కళ్లెదుటే కనిపిస్తాయి. అవి ఇరుకుగా వచ్చాక రాడ్‌ను మెల్లమెల్లగా నిటారుకు తీసుకురండి. పది, పదిహేను నిమిషాలు చాలు, కానీ వీలైనన్ని రోజులు చేయండి. చేయి అలసిన తరువాత సాగదీసిన ప్రతి నిమిషమూ మణికట్టుకు చెడ్డ అలవాటే నేర్పుతుంది. రోల్ కాస్ట్ ఒక్కదానిని, అంటే లైన్‌ను వెనక్కి విసరకుండా నీటి మీది నుంచే ముందుకు దొర్లించే కాస్ట్‌ను, నీటి మీదే నేర్చుకోవాలి, ఎందుకంటే లైన్ కొసను నీరు పట్టి ఉంచినట్టు గడ్డి పట్టి ఉంచదు.

డబుల్ హాల్ ఎప్పుడు నేర్పుతారని మీలో చిన్నవాడు అడిగాడు. రెండో చేత్తో లైన్‌ను సరైన క్షణంలో లాగి వేగం పెంచే ఆ పద్ధతి ఎదురుగాలిలోనూ దూరం వేయడానికీ ఎంతో ఉపయోగపడుతుంది. అయితే అది ఉన్న లూప్‌కు వేగం ఇస్తుందే గాని చెడ్డ లూప్‌ను మంచిది చేయదు. వరుసగా పది బ్యాక్ కాస్టులు నేలను తాకకుండా, ముందు కాస్ట్‌తో ఒకే రేఖలో విప్పుకున్నాక దాని సంగతి చూద్దాం.

ఈలోగా ఫోన్‌తో వీడియో తీసి పంపండి. మీ ముఖం కనిపించనక్కరలేదు. ఫోన్‌ను మీకు పక్కగా, బాగా దూరంగా నిలబెట్టి, రాడ్ కొనా వెనకవైపు లైన్ అంతా పట్టేటట్టు చూసుకుని, స్లో మోషన్‌లో తీయండి. బాగా వచ్చిన కాస్టులను ఏరి పంపకుండా, మొదటి ఐదింటిని ఎలా వచ్చినవి అలాగే పంపండి.

ఇట్లు,
మీ తాతయ్య