గర్భిణులు, మొద్దుబార్చే మందులు: "పైపూతే కదా" వెనక కథ

విశాఖలో కేజీహెచ్ దగ్గరున్నా, గాజువాక సందులో ఉన్నా, మందుల షాపులో గర్భిణి కోసం పైల్స్ ఆయింట్‌మెంటో చిగుళ్ల నొప్పికి జెల్లో అడిగితే చాలాసార్లు వినిపించే మాట ఒకటే: "మింగేది కాదు కదమ్మా, పైపూతే, ఏం పర్లేదు." ఇది సగమే నిజం, ఎందుకంటే ఇలాంటి ట్యూబుల్లో చాలావాటిలో నొప్పి తెలియకుండా మొద్దుబార్చే మందు ఉంటుంది.

తిమ్మిరెక్కించే మందుల కథ 1884లో వియన్నాలో డాక్టర్ కార్ల్ కోలర్ కంటి ఆపరేషన్‌కి కొకైన్ చుక్కలు వాడటంతో మొదలైంది. అది వ్యసనం, విషం కూడా కావడంతో ప్రత్యామ్నాయాల కోసం వెతికారు. 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్, బెంగ్ట్ లుండ్‌క్విస్ట్ అనే రసాయన శాస్త్రవేత్తలు లిడోకైన్ తయారుచేశారు (మన డాక్టర్లు లిగ్నోకైన్ అని రాసేది ఇదే). లుండ్‌క్విస్ట్ దాన్ని తన ఒంటి మీదే పరీక్షించుకున్నాడు. 1948లో జైలోకైన్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది.

అప్పట్లో గర్భిణుల గురించి విడిగా ఆలోచించినవాళ్లు తక్కువ. వేవిళ్లకు కూడా ఇచ్చిన థాలిడోమైడ్ అనే నిద్రమందు వల్ల వేలమంది పిల్లలు చేతులూ కాళ్లూ సరిగా లేకుండా పుట్టారు, 1961లో దాన్ని వెనక్కి తీసుకున్నాకే ప్రపంచానికి భయం పట్టుకుంది. 1979లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గర్భంలో వాడే మందులకు ఏ, బీ, సీ, డీ, ఎక్స్ అక్షరాలు పెట్టింది. లిగ్నోకైన్‌కి బీ వచ్చింది. ఆ బీకి అర్థం జంతువుల్లో హాని కనపడలేదు, గర్భిణుల్లో సరైన పరీక్షలు జరగలేదు అని. జనం మాత్రం "సేఫ్" అని చదువుకున్నారు. ఇలాంటి అపార్థాల వల్లే 2015 నుంచి ఆ అక్షరాలు తీసేశారు, వాట్సాప్‌లో మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

అలాగని లిగ్నోకైన్ భూతమేమీ కాదు. 2015లో వచ్చిన ఒక ఇజ్రాయెల్ అధ్యయనంలో, పంటి వైద్యం కోసం మొద్దుబార్చే మత్తు తీసుకున్న 210 మంది గర్భిణులను తీసుకోని 794 మందితో పోల్చితే పిల్లల్లో అవకరాలు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. కానీ అక్కడ మోతాదు డాక్టర్ చేతిలో ఉంది, ఇంట్లో అయితే ట్యూబు మన చేతిలో ఉంటుంది.

అసలు ప్రమాదం ఎక్కడుందో 2007లో ఎఫ్‌డీఏ ఇచ్చిన హెచ్చరిక చూస్తే తెలుస్తుంది. లేజర్‌తో వెంట్రుకలు తీయించుకోబోతూ ఇద్దరు యువతులు ఘాటైన మొద్దుబార్చే క్రీమ్ కాళ్లంతా రాసి ప్లాస్టిక్ చుట్టుకున్నారు, ఫిట్స్ వచ్చి, కోమాలోకి వెళ్లి చనిపోయారు. వాళ్లు గర్భిణులని కాదు, మందు ఒంట్లోకి ఎలా ఎక్కుతుందో చూడండి: ఎక్కువ చోట రాయడం, కట్టు కట్టడం, వేడి తగలడం, చర్మం చిట్లి ఉండటం. 5 శాతం ఆయింట్‌మెంట్ ఒక గ్రాములో 50 మిల్లీగ్రాముల మందుంటుంది, అదే 5 గ్రాములు పిండితే 250. రక్తంలో కలిసింది మాయను (ప్లసెంటాను) దాటి బిడ్డకూ చేరుతుంది. పెదాలు తిమ్మిరెక్కినా, నోట్లో ఇనుప రుచి వచ్చినా, చెవుల్లో హోరుమన్నా తుడిచేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంకోటి, ట్యూబులో లిగ్నోకైన్ ఒక్కటే ఉండదు. పైల్స్‌కి అందరూ అడిగే అనోవేట్‌లో స్టెరాయిడ్, రక్తనాళాలు బిగించే ఫినైల్‌ఎఫ్రిన్ కూడా ఉన్నాయి. మ్యూకోపెయిన్‌లో ఉన్నది బెంజోకైన్. ఇది అరుదుగానైనా రక్తం ఆక్సిజన్ మోయకుండా చేయగలదు, అందుకే 2018లో ఎఫ్‌డీఏ రెండేళ్లలోపు పిల్లలకు వద్దంది. కొన్ని నోటి జెల్స్‌లో ఆస్పిరిన్ కుటుంబానికి చెందిన సాలిసిలేట్ ఉంటుంది. 20 వారాలు దాటాక ఈ తరహా నొప్పి మందుల వల్ల బిడ్డ కిడ్నీలు దెబ్బతిని ఉమ్మనీరు తగ్గొచ్చని 2020లో హెచ్చరిక వచ్చింది. చిన్న అక్షరాలే అయినా ఒకసారి చదవండి.

పంటి నొప్పయితే జెల్ రాసుకుంటూ నెలలు నెట్టొద్దు, డెంటిస్టుకి గర్భం సంగతి చెప్పి వైద్యం చేయించుకోవడమే నయం, నాలుగు నుంచి ఆరో నెల మధ్య అయితే ఇంకా వీలు. పైల్స్‌కి డాక్టర్ రాస్తే చెప్పినంత, చెప్పినన్ని రోజులే. సీమంతం ముందు లేజర్, టాటూ సరదాలు వాయిదా వేసుకోవచ్చు. కాన్పయ్యాక చనుమొనల పగుళ్లకు మాత్రం ఇవి రాయకండి, నేరుగా బిడ్డ నోట్లోకే పోతాయి.