ఎస్ఈవో నేర్చుకుని మొదటి క్లయింట్‌ని పట్టుకున్నారా? ముందు ఈ అపోహలు వదిలించుకోండి

"కోర్సు అయిపోయింది అక్కా, తెలిసినవాళ్ల ద్వారా ఒక క్లయింట్ కూడా దొరికేలా ఉన్నాడు, కానీ ఏం ఒప్పుకోవాలో ఏం ఒప్పుకోకూడదో తెలియక టెన్షన్‌గా ఉంది" అని మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. వాటిలో ప్రశ్నలు చూస్తే, టూల్స్ వాడటం రాక పడే ఇబ్బంది తక్కువే. ఎవరో చెప్పింది నమ్మి, అదే మాట క్లయింట్‌కి కూడా చెప్పేసి, తర్వాత నిలబెట్టుకోలేక పడే ఇబ్బందే ఎక్కువ. ఎస్ఈవో అంటే గూగుల్‌లో వెతికేవాళ్లకి ఒక వ్యాపారం పైన కనబడేలా చేసే పని కదా, ఆ పని చుట్టూ ఉన్న అలాంటి నమ్మకాల గురించే ఈ పోస్టు. ఉదాహరణకి గుంటూరు బ్రాడీపేటలో ఒక పళ్ల డాక్టర్ గారి క్లినిక్ అనుకుందాం. మనలో చాలామందికి మొదటి పని దొరికేది ఇలాంటి చోటే కదా: ఊళ్లో క్లినిక్కో, ట్యూషన్ సెంటరో, ఫంక్షన్ హాలో, చీరల షాపో.

అపోహ: "మూడు నెలల్లో నంబర్ వన్ అని గ్యారంటీ ఇవ్వకపోతే క్లయింట్ దొరకడు"

వాస్తవం: ర్యాంకు మన చేతిలో ఉండదు. ఇది నా అభిప్రాయం కాదు, ఎస్ఈవో వాళ్లని పనిలో పెట్టుకోవాలనుకునే వ్యాపారుల కోసం గూగుల్ రాసిన సహాయ పేజీలోనే ఉంది. మొదటి స్థానం ఇప్పిస్తామని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని, గూగుల్‌తో మాకు ప్రత్యేక సంబంధాలు ఉన్నాయని చెప్పేవాళ్లతో జాగ్రత్తగా ఉండమని అందులో స్పష్టంగా రాశారు. మార్పులు చేసి ఫలితం కనబడటానికి చాలా సందర్భాల్లో నాలుగు నెలల నుంచి ఏడాది దాకా పడుతుందని కూడా అక్కడే ఉంది. ఆ పేజీని డాక్టర్ గారికి మీరే చూపించండి. నిజం చెబితే క్లయింట్ పారిపోతాడని భయపడతారు గానీ, అంతకుముందే ఎవరో అరచేతిలో వైకుంఠం చూపించి డబ్బు తీసుకుని వెళ్లిపోయిన అనుభవం ఈ చిన్న వ్యాపారుల్లో చాలామందికి ఉంటుంది, వాళ్లకి కావాల్సింది నిజం చెప్పే మనిషే.

గ్యారంటీ ఇచ్చేవాళ్లు దాన్ని నిలబెట్టుకున్నట్టు ఎలా చూపిస్తారో కూడా తెలుసుకోండి. క్లినిక్ పేరుతోనే వెతికితే మొదట వచ్చేలా చూపిస్తారు (అది ఎలాగూ వస్తుంది), లేదా ఎవరూ వెతకని ఒక పొడుగాటి వాక్యానికి మొదటి స్థానం తెప్పించి స్క్రీన్‌షాట్ పంపిస్తారు. ర్యాంకు వచ్చినట్టే ఉంటుంది, పేషెంటు మాత్రం ఒక్కరూ రారు. మీరు అలా చేయకండి. "డాక్టర్ గారూ, ర్యాంకుకి నేను మాటివ్వలేను. ఈ నెలలో ఈ ఐదు పనులు చేస్తాను, ఏం మారిందో నెలాఖరుకి చూపిస్తాను" అనండి. నిలబెట్టుకోగలిగిన మాట అదొక్కటే.

అపోహ: "కీవర్డ్ ఎన్నిసార్లు ఉంటే అంత మంచిది"

వాస్తవం: కీవర్డ్ అంటే జనం గూగుల్‌లో వెతికే మాట. పేజీ కోడ్‌లో ఆ మాటల జాబితా పెట్టే మెటా కీవర్డ్స్ ట్యాగ్‌ని వెబ్ ర్యాంకింగ్‌కి వాడటం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. ఇప్పటికీ కొన్ని కోర్సుల్లో ఆ ట్యాగ్ నింపడం హోంవర్కుగా ఇస్తున్నారంటే నాకు నిజంగా బాధేస్తుంది, డబ్బు కట్టి నేర్చుకునే పిల్లలకి చేసే అన్యాయం అది. ఇక పేజీలో ప్రతి వాక్యంలోనూ "గుంటూరులో బెస్ట్ డెంటిస్ట్" అని ఇరికించడాన్ని గూగుల్ స్పామ్ కిందే లెక్కేస్తుంది, చదివే మనిషికి విసుగు కూడా.

అసలు పని వేరే ఉంది. టూల్ తెరవకముందు, క్లినిక్‌లో రిసెప్షన్ దగ్గర ఒక పూట కూర్చోండి. ఫోన్‌లో జనం ఏమడుగుతున్నారో వినండి. "రూట్ కెనాల్‌కి ఎంతవుతుందమ్మా?", "ఎన్నిసార్లు రావాలి?", "పాపకి ఆరేళ్లు, పాలపన్ను పుచ్చిపోయింది, తీయించాలా?", "ఆదివారం ఉంటారా?", "మా అమ్మకి షుగర్ ఉంది, పన్ను పీకొచ్చా?" ఇవన్నీ రాసుకోండి. అక్కడ ఉండే అమ్మాయికి ఈ ప్రశ్నలన్నీ కంఠతా వచ్చి ఉంటాయి, ఏ కీవర్డ్ టూలూ ఆమె చెప్పినంత వివరంగా చెప్పదు. తర్వాత టూల్‌లో వెతకండి, అప్పుడు ఏం వెతకాలో మీకే తెలుస్తుంది.

ఇంకో సంగతి. మనవాళ్లు ఒకే ప్రశ్నని మూడు రకాలుగా టైపు చేస్తారు: ఇంగ్లీషులో, తెలుగు లిపిలో, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగుగా. "పన్ను నొప్పి తగ్గాలంటే" అని అడిగేవాళ్లలో ఆ మాటని తెలుగు లిపిలో కొట్టేవాళ్లూ ఉన్నారు, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లూ ఉన్నారు, ఫోన్‌కి నోటితో చెప్పేవాళ్లూ ఉన్నారు. సెర్చ్ కన్సోల్‌లో (మన సైటు గూగుల్‌లో ఎలా కనిపిస్తోందో చూపించే గూగుల్ ఉచిత టూల్) పెర్ఫార్మెన్స్ రిపోర్టు తెరిచి, క్వెరీల వరుసలు, అంటే జనం వెతికిన మాటలు, ఓపిగ్గా కిందిదాకా చదవండి. ఒకే అవసరం రెండు మూడు వరుసల్లో, వేరే వేరే స్పెల్లింగులతో కనిపిస్తుంది. ఒక వరుసలో ఇంప్రెషన్లు (ఫలితాల్లో ఎన్నిసార్లు కనిపించిందన్న లెక్క) బాగానే ఉండి క్లిక్కులు సున్నా ఉన్నాయంటే, మీ పేజీ టైటిల్ ఆ మనిషి అడిగినదానికి జవాబులా అనిపించలేదేమో, లేదా మరీ కింద కనిపిస్తోందేమో చూడండి. మరీ అరుదైన క్వెరీలను గోప్యత కోసం అందులో చూపించరు, కాబట్టి వరుసల్లోని క్లిక్కులు కూడితే పైన ఉన్న మొత్తానికి సరిపోలేదని కంగారుపడకండి.

అలాగని స్పెల్లింగుకో పేజీ పెట్టకండి. ప్రశ్నకి ఒక మంచి పేజీ చాలు. రూట్ కెనాల్ పేజీలో ఎన్ని సిట్టింగులు, ఖర్చు ఎంత నుంచి ఎంత దాకా, ఏ పన్నుకి ఎందుకు ఎక్కువవుతుంది, క్యాప్ ఖర్చు అందులో కలిపారా లేదా, తర్వాత ఎన్నాళ్లు జాగ్రత్తగా నమలాలి అనేవన్నీ డాక్టర్ గారి నోట విని రాయండి. ఖర్చు రాయడానికి చాలామంది డాక్టర్లు ఇష్టపడరు. కనీసం రేంజ్ అయినా రాయమని ఒప్పించండి, ఫోన్ చేసేవాళ్లు ముందు అడిగేది అదే.

అపోహ: "వెయ్యి బ్యాక్‌లింకుల ప్యాకేజీ కొంటే సైట్ పైకి వస్తుంది"

వాస్తవం: వేరే సైట్ల నుంచి మన సైటుకి వచ్చే లింకులకి (అవే బ్యాక్‌లింకులు) విలువ ఉందన్నది నిజమే, 1998లో ల్యారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్ మొదలుపెట్టిందే ఆ ఆలోచన మీద. కానీ కొన్న లింకులు, ఆటోమేటిక్‌గా పుట్టించిన లింకుల మీద 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే గూగుల్ అప్‌డేట్ వచ్చినప్పుడే గట్టి దెబ్బ పడింది. ర్యాంకు కోసం లింకులు కొనడం ఇవాళ్టికీ గూగుల్ స్పామ్ పాలసీకి విరుద్ధం. చాలాసార్లు ఆ లింకులను గూగుల్ అసలు లెక్కలోకే తీసుకోదు, అంటే డాక్టర్ గారి డబ్బు బూడిదలో పోసినట్టే. అంతకంటే ఘోరం మాన్యువల్ యాక్షన్ రావడం, అంటే గూగుల్ మనుషులే సైటు చూసి శిక్ష వేయడం.

ఊళ్లో క్లినిక్‌కి నిజాయితీగా వచ్చే లింకులు కొద్దిగానే ఉంటాయి, అవి చాలు కూడా. డాక్టర్ గారు సభ్యులుగా ఉన్న అసోసియేషన్ సైటు, ఉచిత దంత పరీక్షల క్యాంపు పెట్టిన స్కూలు సైటు, ఆ క్యాంపు గురించి రాసిన స్థానిక వార్తా సైటు, ఇలాంటివి. వీటికోసం రెండు ఫోన్లు చేయాలి, ఒకసారి స్వయంగా వెళ్లాలి, అంతే. అన్నట్టు, డొమైన్ అథారిటీ అనేది సైటు బలాన్ని అంచనా వేయడానికి మోజ్ అనే కంపెనీ తయారుచేసుకున్న అంకె, గూగుల్‌ది కాదు. రిపోర్టులో అది పెరిగిందని చూపించి నెల గడిపేయకండి.

అపోహ: "ప్లగిన్‌లో పచ్చ లైటు వస్తే పేజీ రెడీ", "రెండు వేల పదాలు ఉండాల్సిందే"

వాస్తవం: పేజీ బాగుందని ఎస్ఈవో ప్లగిన్ (సైటుకి తగిలించుకునే చిన్న సాఫ్ట్‌వేర్) చూపించే ఆ పచ్చ లైటు గురించి గూగుల్‌కి తెలియదు. పదాలకి కనీస లెక్కంటూ ఏదీ లేదని గూగుల్ స్టార్టర్ గైడే చెబుతుంది. ఆదివారం తీస్తారా అనే ప్రశ్నకి ఒక్క వాక్యం చాలు. ఆ గైడు ఉచితంగానే దొరుకుతుంది, ఏ వీడియో చూసేముందైనా దాన్ని ఒకసారి పూర్తిగా చదవండి.

అపోహ: "ఎస్ఈవో అంటే వెబ్‌సైటే"

వాస్తవం: ఊళ్లో వ్యాపారానికి మ్యాప్ లిస్టింగే సగం పని. ఇదివరకు గూగుల్ మై బిజినెస్ అనేవాళ్లు, 2021 చివర్లో గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అని పేరు మార్చారు. లోకల్ ఫలితాల్లో ప్రధానంగా మూడు చూస్తామని గూగుల్ చెబుతుంది: వెతికినదానికి ఎంత సరిపోతుంది, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరుంది. ఆ రెండోదాని వల్ల క్లయింట్లతో వచ్చే గొడవ ఒకటుంది, ముందే తెలిసి ఉండాలి. డాక్టర్ గారు క్లినిక్‌లో తన కుర్చీలోనే కూర్చుని వెతుక్కుంటే క్లినిక్ పైనే కనిపిస్తుంది, సంతోషిస్తారు. ఆదివారం గోరంట్లలో చుట్టాలింటికి వెళ్లి అక్కడ వెతికితే ఎక్కడో కింద ఉంటుంది, వెంటనే మీకు ఫోన్ చేసి "ర్యాంకు పడిపోయిందేంటి?" అంటారు. ఏమీ పడిపోలేదు, ఆయన దూరం వెళ్లారు, అంతే. మొదటి మీటింగులోనే ఆయన ఫోన్‌లో ఇది చూపించి వివరించండి.

ప్రొఫైల్‌లో పేరు బోర్డు మీద ఎలా ఉందో అలాగే ఉండాలి. "బెస్ట్ డెంటల్ క్లినిక్ గుంటూరు" అని పేరు వెనకాల తగిలిస్తే కొన్నాళ్లు లాభం కనిపించొచ్చు గానీ, నియమాల ప్రకారం అది తప్పు, లిస్టింగ్ సస్పెండ్ అయ్యే ప్రమాదం ఉంది. పండగల్లో టైమింగ్స్ మార్చండి. నొక్కితే మోగే నంబర్ సరైనదో కాదో మీ ఫోన్ నుంచి మీరే చేసి చూడండి, సైటులో ఒక నంబర్, మ్యాప్‌లో పాత నంబర్ ఉండటం చాలా మామూలు. రివ్యూల సంగతికొస్తే, అడగడంలో తప్పులేదు, కానీ రివ్యూ రాస్తే డిస్కౌంట్ ఇస్తామనడం, సంతోషంగా ఉన్నవాళ్లనే ఏరి అడగడం రెండూ కుదరవు. చెడ్డ రివ్యూకి డాక్టర్ గారి చేత మర్యాదగా జవాబు రాయించండి, ఆ పేషెంటు జబ్బు వివరాలు మాత్రం అందులో రాయకూడదు.

అపోహ: "యాడ్స్‌కి డబ్బు పెడితే మామూలు ర్యాంకు కూడా పెరుగుతుంది"

వాస్తవం: పెరగదు. రెండూ వేరు వేరు.

అపోహ: "ఏఐతో వంద ఆర్టికల్స్ ఒక్క రోజులో పెట్టేయొచ్చు"

వాస్తవం: ఏఐ వాడటమే తప్పని గూగుల్ అనలేదు. కంటెంట్ ఎలా తయారైందన్నది కాదు, పనికొస్తుందా లేదా అన్నదే చూస్తామని 2023 ఫిబ్రవరిలో చెప్పింది. కానీ ర్యాంకుల కోసమే కుప్పలుగా పేజీలు పుట్టించడం, మనిషి రాసినా మెషిన్ రాసినా స్పామే అని 2024 మార్చిలో పాలసీలో చేర్చింది. పైగా ఇది వైద్యం. ఏ మందు వేసుకోవాలో, షుగర్ ఉన్నవాళ్లు పన్ను తీయించుకోవచ్చో లేదో మెషిన్ రాసింది డాక్టర్ గారు చదవకుండా పెట్టేస్తే, అది నమ్మి ఎవరికైనా ఏదైనా అయితే? మీరు క్లయింట్ పేరు మీద రాస్తున్నారు. ప్రతి పేజీ ఆయన చదివి సరే అన్నాకే పెట్టండి. దీని దగ్గర నేను అసలు రాజీపడను.

అపోహ: "సైట్‌మ్యాప్ సబ్మిట్ చేస్తే పేజీలన్నీ గూగుల్‌లోకి వచ్చేస్తాయి"

వాస్తవం: సైట్‌మ్యాప్ పేజీల జాబితా మాత్రమే, తీసుకోవాలా వద్దా అన్నది గూగుల్ ఇష్టం. పేజీలు రాకపోతే ముందు చిన్నవి చూడండి. వర్డ్‌ప్రెస్‌లో (సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే చోట, సెర్చ్ ఇంజిన్లను రావద్దని చెప్పే చిన్న టిక్ పెట్టె ఉంటుంది. సైటు తయారవుతున్నప్పుడు డెవలపర్ టిక్ పెట్టి, తర్వాత తీయడం మరిచిపోవడం చాలాచోట్ల జరుగుతుంది. క్లయింటేమో నెలల తరబడి ఎస్ఈవో చేయించుకుంటూ ఉంటాడు, సైటేమో తలుపేసుకుని ఉంటుంది. రెండోది, రోబోట్స్ ఫైలులో (ఏ పేజీలు తెరవొద్దో సెర్చ్ ఇంజిన్లకి చెప్పే ఫైలు) అడ్డుకోవడం, నోఇండెక్స్ (ఫలితాల్లో చూపించొద్దని పేజీలోనే పెట్టే గుర్తు) పెట్టడం ఒకటి కాదు. రోబోట్స్ ఫైలుతో అడ్డుకుంటే గూగుల్ ఆ పేజీ తెరవదు, తెరవకపోతే లోపలున్న నోఇండెక్స్ కూడా దానికి కనిపించదు, బయటి లింకుల వల్ల ఆ అడ్రసు ఫలితాల్లో కనిపిస్తూనే ఉండొచ్చు. సెర్చ్ కన్సోల్‌లో యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో అడ్రసు పెట్టి చూస్తే ఏ కారణమో అక్కడే రాసి ఉంటుంది.

అపోహ: "మొదటి క్లయింట్ కదా, ఫ్రీగా చేసేద్దాం, కాగితాలెందుకు"

వాస్తవం: తక్కువ తీసుకోండి, ఊరికే మాత్రం చేయకండి. ఊరికే చేసే పనికి డాక్టర్ గారు టైమివ్వరు, ఫోటోలు పంపరు, పేజీలు చదివి ఓకే చెప్పరు, అవి లేకుండా మీ పని ముందుకి కదలదు. తెలిసినవాళ్లు చెప్పారని మొహమాటపడకుండా ఒక్క పేజీ రాసుకోండి: నెలకి ఏమేం చేస్తారు, ఏవి చేయరు (సోషల్ మీడియా పోస్టులు, పాంప్లెట్ డిజైన్లు మెల్లగా మీ నెత్తిన పడతాయి), డబ్బు ఏ తేదీన, ఆపేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి.

డొమైన్ (సైటు అడ్రసు), హోస్టింగ్ (సైటు ఉండే చోటు), సెర్చ్ కన్సోల్, బిజినెస్ ప్రొఫైల్ అన్నీ క్లయింట్ ఈమెయిల్ మీదే ఉండాలి, మీరు యూజర్‌గానో మేనేజర్‌గానో చేరండి. పాత మనిషి పేరు మీద ఉండిపోయిన డొమైన్ కోసం తిరిగే క్లయింట్లను చూశాక చెబుతున్నాను, ఎవరికీ ఆ అవస్థ మన వల్ల రాకూడదు.

పని ముట్టుకోకముందే ఇప్పుడున్న అంకెలు తీసి పెట్టుకోండి. సెర్చ్ కన్సోల్‌లో 16 నెలల డేటా దొరుకుతుంది, ప్రొఫైల్‌లో ఎంతమంది కాల్ బటన్ నొక్కారో, ఎంతమంది దారి అడిగారో ఉంటుంది. నెలాఖరు రిపోర్టులో ఏం చేశాం, ఏం మారింది, వచ్చే నెల ఏం చేస్తాం అన్నవి తెలుగులో ఒక పేజీ రాస్తే చాలు. తగ్గినవి కూడా రాయండి. పక్కనే రిసెప్షన్ అమ్మాయి లెక్క ఉండాలి, కొత్తగా వచ్చినవాళ్లని "మా క్లినిక్ గురించి ఎలా తెలిసింది?" అని అడిగి నోట్‌బుక్‌లో గీత పెట్టమనండి. కాల్ బటన్ నొక్కులు పెరిగి నోట్‌బుక్‌లో గీతలు పెరగకపోతే, కొత్త పేజీలు రాయడం ఆపి, మధ్యాహ్నం లంచ్ టైములో ఆ ఫోన్ ఎవరు ఎత్తుతున్నారో కనుక్కోండి.