పాత స్టైల్‌లో కొత్త బిల్డింగులు: ఈ గొడవ వెనక 250 ఏళ్ల కథ

2025 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఒక ఆర్డర్ మీద సంతకం పెట్టారు. ఫెడరల్ ప్రభుత్వం కట్టే బిల్డింగులకి క్లాసికల్ (పాత గ్రీకు, రోమన్ కట్టడాల పద్ధతి), సంప్రదాయ స్టైళ్లకే ప్రాధాన్యం ఇవ్వాలని, వాషింగ్టన్‌లో అయితే మామూలుగా క్లాసికల్‌లోనే కట్టాలని. ఇలాంటిదే 2020 డిసెంబరులో ఒకటి తెచ్చారు, రెండు నెలలకే బైడెన్ దాన్ని రద్దు చేశారు, ఇప్పుడు మళ్లీ వచ్చింది. అక్కడ 1962 నుంచి ఉన్న పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు, ప్రభుత్వానికంటూ ఒక అధికారిక స్టైల్ ఉండకూడదు, డిజైన్ అనేది ఆర్కిటెక్టుల నుంచి ప్రభుత్వానికి రావాలి గానీ ప్రభుత్వం వాళ్లకి చెప్పకూడదు అని. ఒక వర్గం జనానికి నచ్చే అందమైన బిల్డింగులు వద్దా అంటోంది, ఇంకో వర్గం ఈ కాలంలో రోమన్ స్తంభాలేంటి అంటోంది. రెండు వర్గాలూ కొత్తగా మాట్లాడుతున్నట్టు ఉంటాయి గానీ ఈ వాదన చాలా పాతది.

1751లో స్టూవర్ట్, రెవెట్ అనే ఇద్దరు ఇంగ్లిష్‌వాళ్లు ఏథెన్స్ వెళ్లి అక్కడి కట్టడాల్ని కొలతలు తీసి గీశారు, 1762లో మొదటి సంపుటం అచ్చయింది, దాంతో గ్రీకు స్తంభం ఎలా ఉంటుందో ఊహించుకునే పని లేకుండా కొలతలు చూసి కట్టుకునే వీలు వచ్చింది. 1780ల్లో, తర్వాత అమెరికా అధ్యక్షుడైన జెఫర్సన్ ఫ్రాన్స్‌లోని ఒక రోమన్ గుడిని నమూనాగా తీసుకుని వర్జీనియా శాసనసభ భవనం డిజైన్ చేయించి, ప్లాస్టర్ మోడల్ ఓడలో పంపించాడు. రాజు లేని కొత్త దేశం, రాజు లేకుండా నడిచిన పాత రోమన్ రిపబ్లిక్ రూపం తెచ్చుకుంది. స్టైల్ ఎంచుకోవడం అంటే మనం ఎవరి వారసులమో చెప్పుకోవడం, ఈ మొత్తం కథకి తాళంచెవి ఇదేనని నా నమ్మకం.

లండన్‌లో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1834 అక్టోబరులో లెక్కల కోసం గాట్లు పెట్టిన పాత చెక్క పుల్లల్ని కొలిమిలో కాలుస్తుంటే పార్లమెంటు చాలావరకు తగలబడింది. కొత్తదానికి పోటీ పెట్టినప్పుడు షరతు ఏంటంటే గోతిక్ (మొనదేలిన కమానులుండే మధ్యయుగపు చర్చిల స్టైల్) గానీ 16వ శతాబ్దపు ఎలిజబెత్ రాణి కాలం స్టైల్ గానీ ఉండాలి, ఎందుకంటే క్లాసికల్ అంటే అప్పటికి అమెరికా, ఫ్రాన్సు విప్లవాల వాసన, గోతిక్ అయితే మన సొంతం అని వాళ్ల లెక్క. నిజానికి గోతిక్ పుట్టింది 1140ల్లో ప్యారిస్ పక్కన సెయింట్ డెనీలో! జర్మన్లు కూడా అది మాదే అనుకుని, 1248లో మొదలై మధ్యలో ఆగిపోయిన కొలోన్ కేథడ్రల్ అనే పెద్ద చర్చిని దేశభక్తి పనిలా భుజానికెత్తుకుని 1880లో పూర్తి చేశారు.

ఆ పార్లమెంటు బిల్డింగుని కాస్త దగ్గర నుంచి చూడాలి. ప్లాన్ ఆర్కిటెక్టు బ్యారీది, అది చాలావరకు క్లాసికల్ పద్ధతిలో రెండు వైపులా సమానంగా ఉంటుంది, దాని మీద చెక్కడాలు, తలుపులు, వాల్‌పేపర్ దాకా ప్యూజిన్ అనే డిజైనర్ గీసిన గోతిక్ పని. పైకప్పు మీద ఉన్నది మాత్రం పోత ఇనుము, నిప్పు అంటుకోకుండా. మధ్యలో ఉన్న టవర్ చూసి మధ్యయుగం గుర్తొస్తుంది గానీ, దాన్ని డిజైన్‌లో చేర్చింది లోపలి గాలి బయటికి పోవడానికి, అంటే అదొక వెంటిలేషన్ గొట్టం. పాతకాలపు వేషం వేసిన ఆ బిల్డింగు ఆ రోజుల్లో చాలా మోడరన్ అన్నమాట, రివైవల్, అంటే పాత స్టైల్‌ని మళ్లీ తేవడం, వెనక్కి నడవడమే అనేవాళ్లు ఇది తప్పకుండా చూడాలి.

అలాగని అంతా గొప్పదే అని కాదు. లండన్ దగ్గరే వాల్‌పోల్ అనే రచయిత 1749 నుంచి తన ఇంటిని గోతిక్‌గా మార్చుకున్నాడు, అందులో గ్యాలరీ పైకప్పు రాతి కమానుల్లా కనిపిస్తుంది, తయారైంది కాగితం గుజ్జుతో. ఇవాళ కాంక్రీట్ ఫ్రేమ్‌కి ఫోమ్ మౌల్డింగులు, పల్చటి స్తంభాలు అతికించే ఎలివేషన్లకి తాతముత్తాత అదే. వాల్‌పోల్ ఇంట్లో కనీసం ఒక ఆలోచన, ఓపిక ఉన్నాయి, ఇప్పటివాటిలో చాలాచోట్ల అదీ కనిపించదు, స్తంభం దేన్నీ మోయదు, దాని లావుకీ ఎత్తుకీ పొంతన ఉండదు.

20వ శతాబ్దంలో గాలి మారింది. వియన్నాలో ఆడాల్ఫ్ లోస్ అనే ఆర్కిటెక్టు అలంకారం మీద పెట్టే శ్రమ వృథా అని వాదించాడు, ఇనుము, కాంక్రీటు, అద్దం చవకయ్యాయి, యుద్ధాల తర్వాత లక్షల ఇళ్లు త్వరగా కావాల్సి వచ్చింది, చెక్కడం పనివాళ్లు తగ్గిపోయారు. పాత కట్టడాల్ని ఎలా కాపాడాలో చెప్పే అంతర్జాతీయ పత్రం, 1964 వెనిస్ చార్టర్ అయితే పాత కట్టడానికి కొత్తగా చేర్చేది కొత్తదని తెలిసేలా ఉండాలంది. మరోపక్క పోలండ్ రాజధాని వార్సా వాళ్లు మాత్రం రెండో ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైన పాత బస్తీని 18వ శతాబ్దపు పెయింటింగుల సాయంతో తిరిగి కట్టుకున్నారు, 1980లో యునెస్కో దానికి వారసత్వ హోదా ఇచ్చింది. దాన్ని నకిలీ అనడానికి నాకు నోరు రాదు, ఊరిని పనిగట్టుకుని కూల్చినప్పుడు తిరిగి అలాగే కట్టడమే జవాబు. బెర్లిన్ రాజభవనం సంగతి అంత తేలిక కాదు. యుద్ధంలో దెబ్బతిన్నదాన్ని 1950లో తూర్పు జర్మనీ కూల్చేసింది, తర్వాత అక్కడే కట్టిన తమ పార్లమెంటు భవనాన్ని ఏకీకృత జర్మనీ కూల్చేసింది, ఇప్పుడు అక్కడ తిరిగి కట్టిన రాజభవనానికి మూడు వైపులు పాత బరోక్ స్టైల్, ఒక వైపు మోడరన్, లోపల మ్యూజియం. ఏ గతాన్ని నిలబెట్టాలి, ఏ గతాన్ని చెరిపేయాలి అన్నది అక్కడ కూల్చడంలోనే తేలిపోయింది.

ఇక ప్యారిస్‌లోని నోత్రదామ్ కేథడ్రల్. 2019లో కాలిపోయిన శిఖరం మధ్యయుగానిది కాదు, పాతది శిథిలమై 18వ శతాబ్దంలోనే తీసేశారు, 1859లో వియొలె ల దుక్ అనే ఆర్కిటెక్టు తన ఊహతో కొత్తది కట్టాడు, అంటే అది కూడా రివైవలే. కాలిన వెంటనే కొత్త డిజైన్‌కి పోటీ పెడతామన్నారు, చివరికి 2020లో ఉన్నది ఉన్నట్టే కట్టాలని తేల్చారు. పైకప్పు దూలాల్ని గొడ్డళ్లతో చెక్కే పనికి వచ్చిన వడ్రంగుల్లో కొందరు ఫ్రాన్స్‌లోనే గెదెలోన్ అనే చోట చేయి తిరిగినవాళ్లు, అక్కడ 1997 నుంచి ఒక కోటని 13వ శతాబ్దపు పద్ధతుల్లోనే కడుతున్నారు. ఇప్పుడు స్టైల్ గురించి మాట్లాడేవాళ్లు ముందు ఇది పట్టించుకోవాలి, ఆర్డర్ మీద సంతకం పెట్టడానికి ఒక్క రోజు చాలు, గొడ్డలితో దూలం తిన్నగా చెక్కే చేతులు తయారవడానికి ఏళ్లు పడుతుంది, ఆ శిక్షణకి డబ్బు ఎవరు పెడతారన్నది ఈ వాదనలో దాదాపు ఎవరూ ఎత్తడం లేదు.