కొత్త ఫీడర్‌కి పిచ్చుక వెంటనే ఎందుకు రాదు?

డాబా మీద కొత్త ఫీడర్ వేలాడదీసి నిండా గింజలు పోసినా, రోజుల తరబడి ఒక్క పిట్టా వాలకపోవడం మామూలే. మన విశాఖపట్నంలో సీతమ్మధారలోనైనా ఎంవీపీ కాలనీలోనైనా అంతే. నిరాశపడి తీసేయకండి. పిట్టలు దాన్ని చూసే ఉంటాయి, కావాలనే దూరంగా ఉంటాయి.

నిన్నటి దాకా లేని వస్తువంటే పక్షికి అనుమానం. ఒక పూట తిండి తప్పితే ఆకలితో సరిపోతుంది, ఒక్కసారి పిల్లికి చిక్కితే ప్రాణమే పోతుంది. జాగ్రత్తపడినవే ఎక్కువగా బతికి పిల్లల్ని పెంచాయి కాబట్టి ఆ బెరుకు తరతరాలుగా నిలిచింది. అలాగని అన్నిచోట్లా ఒకే మోతాదులో లేదు. 2005లో వెలువడిన ఒక పరిశోధన నాకు చాలా ఇష్టం. న్యూజెర్సీలో ఊరపిచ్చుకలు స్థిరపడి దాదాపు 150 ఏళ్లు, పనామాకు చేరి అప్పటికి 30 ఏళ్లు కూడా కాలేదు. రెండు చోట్ల పిచ్చుకలకూ ఎప్పుడూ ఎరగని తిండి పెడితే, పనామావే ముందుగా తిన్నాయి. కొత్త ఊళ్లో నెగ్గుకురావాలంటే తెలియనిదాన్ని రుచి చూసే తెగువ ఉండాలి మరి! మన వీధి పిచ్చుక ఇక్కడ పాతకాపు. దానికంత తొందర లేదు.

ఆ బెరుకును పోగొట్టేది ఇంకో పిచ్చుకే. ఒకటి వచ్చి తిని క్షేమంగా ఎగిరిపోతే, గుంపులో మిగతావి చూసి నేర్చుకుంటాయి. ఆ మొదటిదాని కంట పడేలా పిట్టగోడ మీద కూడా నాలుగు గింజలు చల్లండి. పిచ్చుక గింజను వాసన పట్టి కాదు, చూసి కనిపెడుతుంది. రాత్రంతా ఒంట్లోని కొవ్వు కరిగించుకుని తెల్లారేసరికి బాగా ఆకలితో ఉంటుంది కనుక, పొద్దున్నే పెట్టండి. ఫీడర్ చోటు మార్చకండి. రెండు మూడు మీటర్ల దూరంలో గుబురు మొక్క ఉంటే డేగ వచ్చినప్పుడు అందులో దూరుతుంది. అంతకన్నా దగ్గరైతే అక్కడ పిల్లి పొంచి ఉంటుంది.

నూకలు, గంటెలు (సజ్జలు), కొర్రలు ఏవైనా సరే. నా మటుకు నాకు సంక్రాంతికి చూరుకి కట్టే వరి కంకుల కుచ్చును మించిన ఫీడర్ లేదు. పొట్టు ఒలుచుకోవడానికి పిచ్చుక పొట్టి ముక్కు చక్కగా సరిపోతుంది. ఊగే కంకిని పట్టుకుని వేలాడటం బరువైన పావురానికి కష్టం. పళ్లెంలో పోస్తే మాత్రం అపార్ట్‌మెంట్ పావురాలు పిచ్చుకకు ఏమీ మిగల్చవు.

తేనెపిట్ట గింజల కోసం రాదు, దానికి మందారం, నూరువరహాలు కావాలి. కరివేప చెట్టును కాయనిస్తే ఆ పళ్లకు పికిలిపిట్టలు వస్తాయి. గింజలు తినే పిచ్చుక కూడా గూట్లోని పిల్లలకు ఎక్కువగా పెట్టేది పురుగుల్నే. అందుకే మొక్కలకు పురుగుమందు కొట్టొద్దని బతిమాలుతున్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ నగరంలో ఎన్ని చెట్లను కూల్చిందో చూసినవాళ్లకు, పెరట్లో ఒక్క చెట్టు విలువేమిటో వేరే చెప్పాలా?

మన సముద్రపు తేమకు గింజలు ఇట్టే బూజు పడతాయి, ఒక రోజుకు సరిపడా మాత్రమే పోయండి. నీళ్ల మూకుడు లోతు రెండు అంగుళాలు దాటకుండా చూసి, రోజూ కడగండి. రెట్టలు పడిన గింజల వల్ల సాల్మొనెల్లా లాంటి జబ్బులు గుంపంతటికీ పాకుతాయి. ఈకలు ఉబ్బించుకుని, మనిషి దగ్గరికొచ్చినా ఎగరని పిట్ట కనిపిస్తే ఫీడర్ దించేసి, శుభ్రంగా కడిగి ఎండబెట్టి, రెండు వారాలు ఆపండి. పిట్టలు చెదిరిపోయి విడివిడిగా మేస్తాయి, జబ్బు అంటుకోవడం తగ్గుతుంది.