దేశానికి ఇచ్చిన బంగారం, తిరిగి వచ్చిన లెక్క

సరిహద్దుల్లో ఉద్రిక్తత తలెత్తినప్పుడల్లా, షేర్లు అమ్ముకోవడం ద్రోహమని, చేతనున్న సొమ్మును దేశం కోసం మదుపు చేయడమే ధర్మమని ఒక పిలుపు వినిపిస్తుంది. ఎందరో జవాన్లను సైన్యానికి పంపిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆ మాట నేరుగా గుండెకు తగులుతుంది. అందుకే ఇలాంటి పిలుపు ఇదివరకు ఏ షరతులతో వచ్చిందో, ఇచ్చినవారికి చివరికి ఏం దక్కిందో ఇక్కడివారు తెలుసుకోవాలి.

మొదటి ప్రపంచ యుద్ధం ఖర్చుల కోసం 1917లో బ్రిటిష్ ప్రభుత్వం యుద్ధ రుణం సేకరించింది, పోస్టాఫీసుల్లో క్యాష్ సర్టిఫికెట్లు అమ్మించింది. అది పాలకుల అవసరం. మన సొంత ప్రభుత్వం అడిగిన సందర్భం 1962లో, చైనాతో యుద్ధమప్పుడు వచ్చింది. జాతీయ రక్షణ నిధికి జనం నగలు ఒలిచి ఇచ్చారు. అది దానం, దానికి లెక్క అడగనక్కరలేదు. కానీ అదే వేడిలో అప్పు కూడా అడిగారు. ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయ్ హయాంలో వచ్చిన 15 ఏళ్ల గోల్డ్ బాండ్లకు, అంటే బంగారం అప్పగిస్తే ప్రభుత్వం ఇచ్చే రుణపత్రాలకు, వడ్డీ 6.5 శాతం. అయితే బంగారానికి కట్టిన విలువ అంతర్జాతీయ ధర ప్రకారం 10 గ్రాములకు సుమారు 53 రూపాయల 58 పైసలు. మన బజారు ధర అంతకంటే చాలా ఎక్కువ. అంటే నగ అప్పగించిన రోజే ఇల్లాలికి నష్టం వచ్చింది, గడువు తీరాక వచ్చేదీ బంగారం కాదు, రూపాయలే.

1963 జనవరిలో బంగారు నియంత్రణ ఉత్తర్వు వచ్చి, కొత్త నగల స్వచ్ఛత 14 క్యారెట్లు దాటకూడదని శాసించింది. కుంపటి ముందు కూర్చుని, ఊదుగొట్టంతో మంట ఊది, గీటురాయిపై మేలిమి చూసి ఇచ్చే కంసాలికి అది జీవనాధారాన్నే తెంచిన ఉత్తర్వు. పుస్తెల్లో దాదాపు సగం రాగో వెండో కలపమంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? దేశవ్యాప్తంగా స్వర్ణకారులు వీధిన పడ్డారు, కొందరు ప్రాణాలు తీసుకున్నారు. 14 క్యారెట్ల నిబంధన 1966లో పోయింది కానీ, నియంత్రణ చట్టం రద్దు కావడానికి 1990 దాకా పట్టింది. సంక్షోభం పేరిట పెట్టిన కట్టడి సంక్షోభం ముగిసినా అంత సులభంగా తొలగదు.

1965లో పాకిస్తాన్‌తో యుద్ధం తరువాత ప్రభుత్వం తన పద్ధతి మార్చుకుంది. ఆ ఏడాది తెచ్చిన జాతీయ రక్షణ గోల్డ్ బాండ్లలో వడ్డీ నామమాత్రమే అయినా, 1980లో బంగారానికి బంగారమే తిరిగి ఇస్తామన్నారు. ఈలోగా పసిడి ధర ఎన్నో రెట్లు పెరగడంతో నమ్మి ఇచ్చినవారు నష్టపోలేదు. 1962లో పోస్టాఫీసుల్లో రూపాయలకు అమ్మిన 12 ఏళ్ల రక్షణ సర్టిఫికెట్లకు ఆ అదృష్టం లేదు. వాటి గడువు తీరిన 1974లో ధరల పెరుగుదల 20 శాతం దాటి, చేతికొచ్చిన రూపాయల విలువను తినేసింది.

1998లో పోఖ్రాన్ అణు పరీక్షల తరువాత ఆంక్షలు పడినప్పుడు, స్టేట్ బ్యాంక్ రిసర్జెంట్ ఇండియా బాండ్లతో ప్రవాస భారతీయుల నుంచి 400 కోట్ల డాలర్లకు పైగా సేకరించింది. డాలర్లలో పెట్టినవారికి 7.75 శాతం వడ్డీ, అసలు కూడా డాలర్లలోనే. వారినీ దేశభక్తి పేరు చెప్పే పిలిచారు, కానీ ధర సరిగా కట్టారు. బేరమాడగలిగినవారికి మంచి షరతులు, పోస్టాఫీసు కిటికీ దగ్గర నిలబడినవారికి నినాదాలు దక్కడం నాకు అన్యాయంగానే తోస్తుంది. నష్టమని ముందే చెప్పి అడిగితే ఇవ్వాలనుకున్నవారు ఇస్తారు. దాన్ని మదుపు అని పిలవడమే తప్పు.

ఏ యుద్ధం పేరూ లేకుండా 2015 నవంబరులో మొదలైన సావరిన్ గోల్డ్ బాండ్లు బజారు ధరకే ముడిపడ్డాయి. గ్రాము 2,684 రూపాయలకు కొన్న మొదటి విడత బాండ్లకు 2023 నవంబరులో 6,132 రూపాయలు చెల్లించారు; ఏటా 2.75 శాతం వడ్డీ దానికి అదనం.