డచ్ ఇంటిపేరు ఎందుకు అరుదవుతుంది?

నెదర్లాండ్స్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక పాఠకుడు ఈమధ్య ఒక ప్రశ్న పంపారు. తన టీమ్‌లోని డచ్ సహోద్యోగి ఇంటిపేరును అక్కడి ఇంటిపేర్ల బ్యాంకులో వెతికితే, సంఖ్య ఉండాల్సిన చోట "ఐదుగురి కంటే తక్కువ" అని కనిపించిందట. ఇంత అరుదైన పేరు ఎలా పుట్టింది, ఒకప్పుడు చాలామందికి ఉండి తగ్గిపోయిందా, లేక మొదటినుంచీ ఇంతేనా అని ఆయన అడిగారు. ఆ పేరు ఇక్కడ రాయను. ఐదుగురికి కూడా లేని ఇంటిపేరు చెబితే ఆ మనిషి ఎవరో చెప్పేసినట్టే. బ్యాంకు వాళ్లు అసలు అంకెను దాచేది కూడా అందుకే.

ఈ బ్యాంకుకు రూపం ఇచ్చింది ఆమ్‌స్టర్‌డామ్‌లోని మేర్టెన్స్ పరిశోధన సంస్థ. 3 లక్షలకు పైగా పేర్లున్నాయి. ఒక్కో పేరుకు 1947 జనగణన నాటి సంఖ్య, 2007 జనాభా రిజిస్టర్ నాటి సంఖ్య, ఏ ఊళ్లలో ఎంతమంది ఉన్నారో చూపే మ్యాపు ఇస్తారు. అందరికంటే పైన ఉన్న డె యోంగ్ అనే పేరు 80 వేల మందికి పైగా ఉంది. ఆ తర్వాత యాన్సెన్, డె వ్రీస్. రెండు సంఖ్యలనూ పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోవాలి. 1947లో ఆ దేశ జనాభా సుమారు 96 లక్షలు, 2007 నాటికి 1 కోటి 63 లక్షలు. అంటే 1947లో 40 మంది ఉన్న ఇంటిపేరు తన వాటా నిలుపుకోవాలంటే 2007లో 68 మంది ఉండాలి. అప్పుడూ ఇప్పుడూ 40 మందే ఉంటే ఆ పేరు నిలకడగా ఉన్నట్టు కాదు, వెనకబడినట్టు.

పుట్టుక సంగతి. డచ్ ఇంటిపేర్ల గురించి ఎవరిని అడిగినా ఒక కథ చెబుతారు. 1810లో నెపోలియన్ ఆ దేశాన్ని ఫ్రాన్స్‌లో కలిపేసుకున్నాడు, 1811 ఆగస్టు 18న అందరూ ఇంటిపేరు నమోదు చేయించుకోవాలని ఆజ్ఞ జారీ చేశాడు, జనం అతణ్ణి వెక్కిరించడానికి నాక్త్‌గెబోరెన్ లాంటి పేర్లు రాయించారు అని. ఆ పేరును అలాగే చదివితే "బట్టల్లేకుండా పుట్టినవాడు" అని అర్థం వస్తుంది. ఆజ్ఞ నిజమే. వెక్కిరింపు కథ మాత్రం వినడానికి బాగుంటుంది గాని నిలబడదు. నాక్త్‌గెబోరెన్ అనే పేరు 1811కు చాలా ముందునుంచే రికార్డుల్లో ఉంది. తండ్రి పోయాక పుట్టిన బిడ్డను సూచించే జర్మన్ మాట నోళ్లలో నలిగి అలా మారిందన్నది పండితులు ఎక్కువగా ఒప్పుకునే వివరణ. పైగా 1811 నాటికి హాలండ్, బ్రబాంట్ ప్రాంతాల్లో చాలా కుటుంబాలకు ఇంటిపేర్లు ఎప్పటినుంచో ఉన్నాయి. తండ్రి పేరుతోనే సరిపెట్టుకుంటున్నది ఎక్కువగా ఫ్రీస్‌లాండ్ లాంటి ఉత్తరాది ప్రాంతాలే. ఇలాంటి కట్టుకథలు పాఠాల్లోకి కూడా చేరిపోతాయి. ఒకసారి చేరాక తీసేయడం చాలా కష్టం.

అరుదైన పేర్ల రహస్యం వెక్కిరింపులో లేదు, ఆ పేరు ఎన్నిచోట్ల పుట్టిందన్న దానిలో ఉంది. రొట్టెలు కాల్చేవాడు ప్రతి ఊళ్లోనూ ఉంటాడు కాబట్టి బక్కర్ అనే పేరు వందల చోట్ల విడివిడిగా పుట్టింది. కమ్మరికి స్మిట్, జాలరికి విస్సర్ కూడా అంతే. ఇద్దరు బక్కర్లు ఎదురుపడితే వాళ్లు చుట్టాలనుకోవడానికి ఏ ఆధారమూ లేదు. జర్మనీ సరిహద్దు పక్కన ఉండే ఆఖ్టర్‌హుక్, ట్వెంటె ప్రాంతాల పద్ధతి దీనికి పూర్తిగా వేరు. అక్కడ పేరు మనిషిది కాదు, పొలానిది. వెస్సెల్ అనే ఆసామి పొలం వెస్సెలింక్ అవుతుంది, అందులో కాపురం ఉన్నవాళ్లందరూ వెస్సెలింక్‌లే. ఇల్లరికం వచ్చిన అల్లుడు కూడా తన పాత పేరు వదిలేసి పొలం పేరు పెట్టుకునేవాడు. పొలం మారితే పేరూ మారేది. 1811 తర్వాత రిజిస్టర్లో ఏది పడితే అదే శాశ్వతమైపోయింది. ఇలాంటి పేర్లలో ఒకే ఒక్క పొలం, ఒకే ఒక్క కుటుంబంతో మొదలైనవి ఎన్నో ఉన్నాయి. అలా ఒక్కడితో మొదలైన పేరుకు తర్వాత ఏమవుతుందన్నదే నాకు ఎంతో ఇష్టమైన లెక్క.

దీనికి పెద్ద గణితం అక్కర్లేదు, ఒక రూపాయి నాణెం చాలు. ప్రతి మగవాడికీ ఇద్దరు పిల్లలు పుడతారనుకుందాం. ఒక్కో బిడ్డకూ ఒకసారి నాణెం ఎగరేయండి. బొమ్మ పడితే కొడుకు, బొరుసు పడితే కూతురు. పేరు కొడుకు ద్వారానే సాగుతుందన్నది పాత నియమం. సగటున ఒక్కొక్కరికి ఒక కొడుకు, కాబట్టి పేరు పెరగదు, తరగదు, అలాగే ఉండిపోతుందని మనకు అనిపిస్తుంది. అలా జరగదు. రెండుసార్లూ బొరుసు పడే అవకాశం నాలుగింట ఒకటి. అంటే వందమంది వంద వేర్వేరు పేర్లతో మొదలుపెడితే ఒక్క తరంలోనే 25 పేర్లు పోతాయి.

రెండో తరానికి వెళ్దాం. ఒక బిడ్డ వైపు నుంచి పేరు పోవడానికి రెండు దారులున్నాయి. కూతురైతే పోయినట్టే, అది 0.5. కొడుకైతే వాడి దగ్గర ఆగిపోవాలి, అది 0.5ను 0.25తో గుణిస్తే వచ్చే 0.125. రెండూ కలిపితే 0.625. ఇద్దరు బిడ్డల వైపు నుంచీ పోవాలి కాబట్టి 0.625ను దానితోనే గుణించాలి, 0.39 వస్తుంది. ఇక సూత్రం దొరికేసింది. ముందు తరం అంకెకు ఒకటి కలపండి, సగం చేయండి, వర్గం కట్టండి. మూడో తరానికి 48 శాతం పేర్లు మాయమవుతాయి, నాలుగో తరానికి 55, అయిదో తరానికి 60, ఏడో తరానికి 67, పదో తరానికి 74. తరానికి 30 ఏళ్లు వేసుకుంటే 1811 నుంచి ఇప్పటికి ఏడు తరాలు. ఒక్క మగవాడితో మొదలైన పేర్లలో మూడింట రెండు వంతులు ఏ యుద్ధమూ, ఏ కరువూ లేకుండా, కేవలం బొమ్మా బొరుసుల వల్లే పోయాయన్నమాట.

మిగిలిన 33 పేర్లను చూడండి. వందమంది మగవాళ్లతో మొదలయ్యాం, సగటు మారలేదు కాబట్టి ఏడో తరంలోనూ దాదాపు వందమందే ఉంటారు. వాళ్లందరూ 33 పేర్లలో సర్దుకోవాలి. అంటే బతికిన పేరుకు సగటున ముగ్గురు. ఆ ముగ్గురు కూడా సమానంగా పంచుకున్నవాళ్లు కారు, కొన్ని పేర్లకు ఏడెనిమిది మంది ఉంటారు, చాలా పేర్లకు ఒక్కరో ఇద్దరో. మన పాఠకుడి సహోద్యోగి పేరు ఒకప్పుడు వెలిగి ఆరిపోయినదే అయ్యుండక్కర్లేదు. ఒకే చోట పుట్టి ఏడు తరాలు గడిచినా ఇంకా నిలిచి ఉండటమే దాని అదృష్టం.

బక్కర్ పేరు ఎందుకు పోలేదో కూడా ఈ లెక్కే చెబుతుంది. పదిచోట్ల విడివిడిగా మొదలైన పేరు పోవాలంటే పది చోట్లా పోవాలి. 0.67ను పదిసార్లు గుణిస్తే 2 శాతం కూడా మిగలదు. వంద ఊళ్లయితే ఇక భయమే లేదు. పెద్ద ఇంటిపేరంటే గొప్ప వంశం అని కాదు, ఎక్కువ ఊళ్లలో మొదలైందని. చైనాలో కథ ఇదే దారిలో మరింత దూరం వెళ్లింది. అక్కడి ఇంటిపేర్లు వేల ఏళ్ల నాటివి, నాణెం ఎన్నో తరాలుగా ఎగురుతూనే ఉంది, చిన్నవి రాలిపోగా నేడు సుమారు 85 శాతం జనం వంద పేర్లలోనే ఉన్నారు. డచ్ వాళ్లవి కొన్ని వందల ఏళ్ల పేర్లే. అందుకే అంత చిన్న దేశంలో అన్ని వేల అరుదైన పేర్లు ఇంకా కనిపిస్తున్నాయి.

ఈ లెక్కను 1873లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ ఒక పత్రికలో పజిల్‌గా వేశాడు. పేరుమోసిన కుటుంబాలు అంతరించిపోతుంటే, సుఖాలు మరిగి సంతానశక్తి తగ్గిందని అప్పట్లో అనేవారు. అది నిజమా, లేక మామూలు యాదృచ్ఛికతేనా అన్నది అతని ప్రశ్న. హెన్రీ వాట్సన్ అనే గణితం తెలిసిన పాస్టర్ జవాబు రాశాడు, కాని అందులో ఒక పొరపాటు దొర్లింది. ఒక పేరు ఎప్పటికైనా అంతరించే సంభావ్యతను కనుక్కోవాలంటే పైన చెప్పిన సూత్రంలో పెట్టిన అంకే మళ్లీ బయటికి రావాలి. 1 పెడితే ఎప్పుడూ 1 వస్తుంది. అందుకని ప్రతి పేరూ చివరికి పోవాల్సిందే అన్నాడు. సగటు కొడుకుల సంఖ్య ఒకటి దాటితే 1 కంటే చిన్నదైన ఇంకో జవాబు కూడా ఉంటుంది, నిజమైన జవాబు అదే. ఫ్రాన్స్‌లో బియెనెమె 1845లోనే దీన్ని సరిగ్గా పట్టుకున్నాడు గాని ఎవరూ గమనించలేదు. డెన్మార్క్‌లో టెలిఫోన్ లైన్ల రద్దీకి గణితం కట్టిన ఎర్లాంగ్ 1929లో ఇదే ప్రశ్న మళ్లీ వేశాడు. అతని తల్లి పుట్టింటి పేరు క్రారుప్, ఆ పేరు అంతరించిపోతుండటం అతని కళ్లముందే జరుగుతోంది. అదే ఏడు ఎర్లాంగ్ చనిపోయాడు, 1930లో స్టెఫెన్‌సెన్ పూర్తి సమాధానం ఇచ్చాడు.

సగటు ఒక్కటే చూస్తే మోసపోతాం. 1920 నాటి అమెరికా జనగణన మీద ఆల్‌ఫ్రెడ్ లోట్కా ఈ లెక్క వేశాడు. సగటు కొడుకుల సంఖ్య ఒకటి దాటే ఉంది, అయినా ఒక మగవాడితో మొదలైన వరస అంతరించే సంభావ్యత 82 శాతం వచ్చింది. చిన్నప్పుడే పోయినవాళ్లు, పెళ్లి కానివాళ్లు, కూతుళ్లే ఉన్నవాళ్లు అందరూ కలిసి, పుట్టిన నూరు మంది మగపిల్లల్లో 48 మందికి కొడుకులే లేరు. మిగతావాళ్లలో కొందరికి చాలామంది ఉన్నారు. సగటు అదే ఉన్నా ఎగుడుదిగుళ్లు పెరిగేకొద్దీ పేర్లు తొందరగా పోతాయి.

కొడుకులు లేని ఆ సున్నాల్లో కొన్ని మన తీరంలోనే ఉన్నాయి. డచ్ ఈస్టిండియా కంపెనీ రెండు శతాబ్దాల్లో దాదాపు 10 లక్షల మందిని ఆసియాకు ఓడలెక్కించింది. తిరిగి వెళ్లింది మూడింట ఒక వంతు మందే. మచిలీపట్నంలో, భీమునిపట్నంలో డచ్ వాళ్ల పాత సమాధుల మీద చెక్కిన ఇంటిపేర్లు ఇప్పటికీ కనిపిస్తాయి. పెళ్లికి ముందే జ్వరంతో ఇక్కడ పోయిన ప్రతి గుమాస్తా, ప్రతి సిపాయి స్వదేశంలో ఒక ఇంటిపేరు చెట్టుకు విరిగిన కొమ్మే.

ఒక్క పేరును దగ్గరగా చూద్దాం. లీవెన్‌హుక్, సూక్ష్మజీవుల్ని మొదటిసారి చూసిన డెల్ఫ్ట్ నగరపు బట్టల వ్యాపారి. 1632లో పుట్టాడు. లీవెన్‌పోర్ట్, అంటే సింహాల గేటు అనే చోట మలుపులో ఉన్న ఇంటివల్ల ఆ కుటుంబానికి వచ్చిన పేరది. ఒక ఊళ్లో ఒక వీధి మలుపు. అంతకంటే ఒంటరి పుట్టుక ఉండదు. మొదటి భార్య బార్బరాకు ఐదుగురు పిల్లలు, నలుగురు పసితనంలోనే పోయారు, మరియా ఒక్కతే మిగిలింది. 1677లో అతను తన కటకం కింద పురుష బీజకణాల్ని చూసి లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. తండ్రి నుంచి బిడ్డకు వారసత్వం మోసే కణాన్ని లోకానికి చూపించిన మనిషి అతను. 1723లో తొంభై ఏళ్లు దాటి పోయాడు. పెళ్లి చేసుకోని మరియా తండ్రికి డెల్ఫ్ట్ పాత చర్చిలో స్మారకం కట్టించి 1745లో చనిపోయింది. ఆయన వరసలో ఆ పేరు అక్కడితో ఆగింది.

కొడుకు పుట్టకపోతే శాపమనీ, కోడలి జాతకమనీ, పున్నామ నరకమనీ మన ఇళ్లలో ఇంకా వినిపిస్తుంది. నాణెం లెక్క తెలిసినవాళ్లు ఆ మాట అనలేరు. ఇద్దరు పిల్లలున్న ఇళ్లలో నాలుగింట ఒకదానిలో కొడుకు ఉండడు, ఆ ఇంట్లో ఎవరూ ఏ తప్పూ చేయలేదు. ప్లస్ టూలో సంభావ్యత చెప్పేటప్పుడు సంచిలో రంగు బంతులు తీసే లెక్కలకు బదులు ఇది చెబితే ఎంత బాగుండు!

అరుదైన పేర్లన్నీ పాతవి కావు. గుమాస్తా ఒక అక్షరం అటూ ఇటూ రాస్తే అక్కడే కొత్త పేరు పుడుతుంది. మైయర్ అనే ఒక్క పేరుకే నెదర్లాండ్స్‌లో మూడు నాలుగు స్పెల్లింగులున్నాయి. వలస వచ్చిన ఒకే కుటుంబం పేరు కూడా బ్యాంకులో అరుదైనదిగానే కనిపిస్తుంది. మ్యాపులో ఆ పేరున్నవాళ్లందరూ ఒకే మూల ఉంటే పొలం పేరో, ఒక ఊరి పేరో అయ్యుండటానికి అవకాశం ఎక్కువ. పక్కనే ఒక అక్షరం తేడాతో పెద్ద పేరు ఉంటే గుమాస్తాను అనుమానించాలి.

ఇప్పుడు చట్టం మారింది. 1998 నుంచి అక్కడ తల్లిదండ్రులు ఇద్దరిలో ఎవరి ఇంటిపేరైనా పెట్టుకోవచ్చు, 2024 జనవరి 1 నుంచి రెండూ కలిపి పెట్టుకోవచ్చు. కూతుళ్లకు జరగాల్సిన న్యాయం ఇది, ఎప్పుడో రావాల్సింది. మరి అరుదైన పేర్లు బతుకుతాయా? ఒకే పేరు ఎంచుకునే దంపతుల్ని చూద్దాం. తోబుట్టువులందరికీ ఒకే ఇంటిపేరు ఉండాలన్నది అక్కడి నియమం. అందువల్ల బిడ్డకోసారి కాదు, జంటకు ఒక్కసారే నాణెం ఎగురుతుంది. ఇద్దరు పిల్లలకూ పేరు వస్తుంది, లేదా ఇద్దరికీ రాదు. సగటు మారలేదు, ఎగుడుదిగుడు పెరిగింది. ఏడో తరానికి 67 శాతం కాదు, 82 శాతం పేర్లు పోతాయి. జంటపేర్లు మొదటి తరంలో రెండింటినీ కాపాడతాయి. కాని జంటపేర్లున్న ఇద్దరు పెళ్లాడితే నాలుగు పేర్లలో రెండే మిగలాలి, మళ్లీ సగానికే వచ్చాం.

తేడా తెచ్చేది ఇష్టం ఒక్కటే. ఒకరు డె యోంగ్, ఇంకొకరిది ఐదుగురికి కూడా లేని పేరు అయితే చాలా జంటలు ఆ రెండోదే బిడ్డకు పెడతారని అనుకుందాం, నాలుగు జంటల్లో మూడు జంటలు. అప్పుడు సగటు ఒకటిన్నర అవుతుంది. వాట్సన్ చూడకుండా వదిలేసిన ఆ రెండో జవాబు ఇక్కడ సరిగ్గా మూడింట ఒకటి. తక్కిన రెండు వంతుల పేర్లు ఎన్ని తరాలు గడిచినా పోవు.