లక్షలు పోసే టర్న్‌టేబుల్‌లో ఏం కొంటున్నాం? అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా టర్న్‌టేబుళ్లు, అంటే గ్రామఫోన్ ప్లేట్లు తిప్పి వినిపించే యంత్రాలు, బిగించడం, బాగుచేయడం నా పని. కొత్త సెట్టు కొన్నవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: "ఇంత పెట్టినందుకు తేడా వినిపిస్తుందా?" నేను కొలిచే పద్ధతి చెబుతాను. ప్లేటును నిమిషానికి సరిగ్గా 33⅓ చుట్లు తిప్పాలి. ప్లేటు మీది గాడి కదలిక తప్ప మరే కదలికా ముల్లుకు తగలకూడదు. టర్న్‌టేబుల్ పని ఈ రెండే. వీటిలో ఒకదాన్నైనా మెరుగుపరిస్తే ఆ డబ్బు సార్థకం. మిగతాదంతా అలంకారం. అలంకారం మీద నాకు కోపమేమీ లేదు, కానీ అది పాటలో వినిపించదు.

అపోహ: ఎంత బరువుంటే అంత మంచిది.

ప్లాటర్ అంటే ప్లేటును మోస్తూ తిరిగే పళ్లెం. బరువైన ప్లాటర్ ఒకసారి వేగం అందుకుంటే మోటారు చిన్న చిన్న కుదుపులకు చలించదు. అందాకా నిజం. కానీ ఆ బరువంతా మోసేది ఇరుసును పట్టుకునే ఒక్క బేరింగే. దాని పనితనంలో లోపముంటే ఆ గరగర నేరుగా ముల్లుకు చేరుతుంది. ఇంగ్లండ్‌లోని రీగా వాళ్లు దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టారు. బరువైన చట్రం ప్రకంపనను దాచుకుని కాస్త ఆలస్యంగా ముల్లుకే తిరిగి ఇస్తుందని వాళ్ల వాదన. అందుకే వాళ్ల ప్లానార్ 8 మోడల్‌లో చట్రం లోపల నురుగు లాంటి తేలికైన పదార్థం వాడి, పైనా కిందా పలుచని గట్టి పలకలు అతికించారు. ధరలో ప్లానార్ 3 కన్నా చాలా పైన ఉన్నా, తూకంలో దానికన్నా తేలిక. రెండు దారుల్లోనూ గొప్ప యంత్రాలు చూశాను. తూకం చూసి మాత్రం కొనకండి.

అపోహ: డైరెక్ట్ డ్రైవ్ డీజేలకు, బెల్టు సంగీతప్రియులకు.

డైరెక్ట్ డ్రైవ్‌లో మోటారే ప్లాటర్‌ను నేరుగా తిప్పుతుంది, బెల్టు రకంలో మధ్యలో రబ్బరు బెల్టు ఉంటుంది. జపాన్‌కు చెందిన మత్సుషితా వారి టెక్నిక్స్ ఎస్‌పీ-10 మార్కెట్లోకి వచ్చింది 1970 ప్రాంతంలో. డైరెక్ట్ డ్రైవ్‌కు అదే మొదలు. దాన్ని రేడియో స్టేషన్లు ఇష్టంగా కొన్నాయి. 1972 నాటి ఎస్ఎల్-1200 కూడా ఇళ్ల కోసమే పుట్టింది, డీజేలు తర్వాత సొంతం చేసుకున్నారు. పాత డైరెక్ట్ డ్రైవ్ మోటార్లలో తీగ చుట్టల మధ్య ఉండే ఇనుప కోరు వల్ల తిరుగుడులో సన్నని తొట్రుపాటు ఉండేదన్న విమర్శలో నిజముంది. 2016లో ఎస్ఎల్-1200 మళ్లీ వచ్చినప్పుడు ఆ ఇనుప కోరునే తీసేశారు. ఉన్న లోపాన్ని పేరుపెట్టి గుర్తించి, మూలంలోనే తొలగించారు కాబట్టి దాన్ని నేను అసలైన ఆవిష్కరణ అంటాను. బెల్టు మోటారు కంపనాన్ని బాగానే ఆపుతుంది. అయితే మన ఎండలకు రబ్బరు సాగుతుంది. బెల్టు సెట్టు ఉన్నవాళ్లు ఆ సంగతి మరిచిపోవద్దు.

అపోహ: వేగంలో తేడా ఎంత తక్కువైతే శ్రుతి అంత నిలకడ.

దీని మీద కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. మంచి టర్న్‌టేబుల్ కాగితాల మీద వేగపు ఊగిసలాట 0.025 శాతం అని ఉంటుంది. ఇంకో లక్ష పెడితే ఇంకా తగ్గుతుంది. ఇప్పుడు ప్లేటు సంగతి చూడండి. మధ్య రంధ్రం అసలు కేంద్రం నుంచి 0.2 మిల్లీమీటర్లు పక్కకు పడిందనుకుందాం. అలాంటి ప్లేట్లు నా దగ్గరే బోలెడున్నాయి. లోపలి గాళ్లలో, అంటే కేంద్రం నుంచి 60 మిల్లీమీటర్ల దగ్గర, ఆ చిన్న తేడా వేగాన్ని అటూ ఇటూ 0.33 శాతం ఊపుతుంది. టర్న్‌టేబుల్ చేసే తప్పుకు ఇది పది రెట్లు మించిన తప్పు!

గమకాలతో సాగే వీణలో ఇది అంతగా పట్టుబడదు. తంబుర నాదంలోనో, పియానో మీద నిలిపిన స్వరంలోనో చుట్టు చుట్టుకూ అల వచ్చినట్టు వినిపిస్తుంది. చెవికి అనుమానం వస్తే కంటితో చూడండి: ప్లేటు తిరిగే కొద్దీ టోన్ఆర్మ్ (ముల్లును మోసే చేయి) తల ఎడమకూ కుడికీ ఊగుతుంటే రంధ్రం పక్కకు పడినట్టే.

1980ల మొదట్లో జపాన్‌కు చెందిన నకమిచి ఈ లోపం మీదే పనిచేసింది. వాళ్ల టీఎక్స్-1000లో ఒక చిన్న సెన్సర్ చేయి పాట అయిపోయాక ఉండే చివరి గాడిని చదివి, అసలు కేంద్రం ఎక్కడుందో లెక్కగట్టేది. ఆ మేరకు పై ప్లాటర్‌ను మోటారుతో జరిపి, అప్పుడు పాట మొదలుపెట్టనిచ్చేది. అన్నిటికన్నా పెద్ద తప్పు ఎక్కడుందో అక్కడ చెయ్యి పెట్టిన యంత్రం అది. ఆ దారిలో నడిచినవాళ్లు చాలా తక్కువమంది కావడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

అపోహ: ఖరీదైన కార్ట్రిడ్జ్ ఏ ఆర్మ్‌కైనా పేరు తెస్తుంది.

కార్ట్రిడ్జ్ అంటే ఆర్మ్ చివర ముల్లును పట్టుకుని ఉండే చిన్న పెట్టె. ముల్లు దగ్గర లెక్కకొచ్చే ఆర్మ్ బరువు, ముల్లు ఎంత మెత్తగా వంగుతుందో చెప్పే కార్ట్రిడ్జ్ స్ప్రింగుతనం కలిసి ఒక సహజ కంపనాన్ని ఏర్పరుస్తాయి. అది 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య పడాలి. రెండింటినీ గుణించి, వర్గమూలం తీసి, దానితో 159ని భాగిస్తే సుమారు లెక్క వస్తుంది. ఆర్మ్, కార్ట్రిడ్జ్, మరలు కలిపి 19 గ్రాములు, స్ప్రింగుతనం 15 అయితే 9.4 హెర్ట్జ్, హాయిగా ఉంది. అదే ఆర్మ్‌కు స్ప్రింగుతనం 35 ఉన్న మెత్తని కార్ట్రిడ్జ్ తగిలిస్తే 6 దగ్గరికి దిగుతుంది. ఇక వంపు తిరిగిన ప్లేటు ఎక్కినప్పుడల్లా ముల్లు ఎగిరెగిరి పడుతుంది. తప్పు కార్ట్రిడ్జ్‌ది కాదు, సంబంధం కుదర్చడంలో ఉంది.

అపోహ: అమెరికా నుంచి తెచ్చిన సెట్టుకు ట్రాన్స్‌ఫార్మర్ చాలు.

మన ఇళ్లలో ఇది తరచూ ఎదురవుతుంది. అబ్బాయో అమ్మాయో అక్కడినుంచి ముచ్చటపడి తెస్తారు. ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులను 110 చేస్తుంది, కానీ కరెంటు 50 హెర్ట్జ్‌ను 60 చేయలేదు. నేరుగా మెయిన్స్‌తో నడిచే, కరెంటు హెర్ట్జ్‌ను బట్టే వేగం కుదిరే సింక్రనస్ మోటారైతే ప్లేటు 27.8 చుట్లే తిరుగుతుంది. పాట మూడు స్వరస్థానాలు కిందికి దిగిపోతుంది. ఒకాయన తన చిన్ననాటి ప్లేటు వేసుకుని "గొంతు ఇలా ఉండేది కాదండీ" అని దిగులుపడ్డారు. ఆయన చెవి సరైనదే. సొంత ఫ్రీక్వెన్సీ పుట్టించుకునే పవర్ సప్లయో, 50 హెర్ట్జ్‌కు తగిన కప్పీనో పెట్టాలి. డీసీ మోటారున్న వాటికి ఈ ఇబ్బంది లేదు.

అపోహ: పాత డిజైన్‌కు ఇంత ధర దండగ.

గ్లాస్గోలో లిన్ కంపెనీ 1970ల మొదట్లో తెచ్చిన ఎల్‌పీ12 టర్న్‌టేబుల్ ఇప్పటికీ తయారవుతోంది. స్ప్రింగుల మీద వేలాడే దాని లోపలి చట్రం లిన్ సొంత ఊహ కాదు. 1961లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ రూపొందించిన ఏఆర్ (అకౌస్టిక్ రీసెర్చ్) కంపెనీ టర్న్‌టేబుల్ ఆ దారి చూపింది, అదీ సామాన్యుడికి అందే ధరలో. లిన్ విలువను నేను ఇంకోచోట చూస్తాను. 2020లో వాళ్లు తెచ్చిన కరౌసెల్ బేరింగ్ మొదటి రోజుల్లో కొన్న ఎల్‌పీ12లోనూ పడుతుంది. అందుకే కొనేవాళ్లను అమ్మకందారుతో ముందు బెల్టు, బేరింగ్, ముల్లు గురించి మాట్లాడమంటాను. పదిహేనేళ్ల తర్వాత అవి ఎక్కడ దొరుకుతాయో ఆయన చెప్పగలిగాకే ప్లాటర్ మెరుపు చూడండి.